టేపమ్మ గౌను అంచు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని పిలిచేవాళ్లు మాత్రం ఆ వీధిలో ఎవరూ లేరు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది గనక చిన్నా పెద్దా అందరికీ ఆమె టేపమ్మే. కాన్పుకి ఆస్పత్రికి వెళ్లినప్పుడు కూడా ఆ టేపు తీయలేదనీ, పుట్టిన బిడ్డను నర్సు తూకం వేసేలోగా ఈవిడ పొడవు కొలిచేసిందనీ వీధిలో చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధమంటుంది అత్తగారు. కొలిచింది నిజమే గానీ, నర్సు తూకం వేశాకే కొలిచిందట.

ఇంటి ముందుగదే ఆమె కుట్టు దుకాణం. లోపలికి అడుగుపెట్టగానే తలుపు పక్కన నిలువుటద్దం. వీధివైపు పెద్ద కిటికీ, దాని కింద గోడలోకి పాతేసిన కటింగు బల్ల. ఆ బల్ల మూలంగా మిషను కిటికీకి ఎదురుగా పట్టదు. అందుకని పక్కగోడకు ఆనించి వేశారు. కూర్చుంటే మొహం ముందు సున్నం గోడ, ఎడమచేతి వైపు కిటికీ. మామూలు మనుషులైతే గోడకేసి చూస్తూ బుద్ధిగా కుట్టుకుంటారు. టేపమ్మకు గోడంటే పడదు. స్టూలును ఏటవాలుగా జరిపి, ఎడమకాలు స్టూలు కాలికి చుట్టి, కుడికాలు ఒక్కదానితో పెడలు తొక్కుతూ, నడుము పై భాగాన్నంతా కిటికీ వైపు తిప్పి కూర్చుంటుంది. చేతులు గుడ్డ మీద, కళ్లు వీధి మీద. అలా కుట్టినా కుట్టు తిన్నగానే వస్తుంది, అది ఆమె గొప్ప. వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో, రొట్టెల దుకాణం వాళ్లకీ మందుల షాపు వాళ్లకీ ఇవాళ మాటలున్నాయో లేవో ఆమెకు తెలిసినంతగా ఆ ఇళ్లవాళ్లకే తెలియదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి మిగిలిన వీధికీ తెలుస్తుంది.

"ఏమ్మా, ఆ భుజాలు జారిపోతున్నాయి, ఇలా వచ్చి ఓ టాకా వేయించుకుపో," అని కిటికీలోంచి కేక వేస్తుంది. పిలిచినవాళ్లు వస్తారు. టాకా వేయించుకుంటారు, కాసిని కబుర్లు చెప్పుకుంటారు, ఇంకో గుడ్డ ఇచ్చిపోతారు. ఆమె బేరమంతా అలా కిటికీలోంచే నడిచేది. ఆమె సంతోషం కూడా.

ఇంట్లో ఉండేది నలుగురు. టేపమ్మ, ఆమె మేనబావా మొగుడూ అయిన బస్సు డ్రైవరు, అతని తల్లి, రెండేళ్ల కూతురు. కూతురిని బుడ్డిది అంటారు. బుడ్డిదానికి నడక వచ్చినా నడవదు, తల్లి కుడి చంక దిగదు. అత్తగారు వయసులో ఉన్నప్పుడు పిండిమరలో పనిచేసిన మనిషి. మర చప్పుడు మీద మాట్లాడటం అలవాటైపోయి, ఇప్పుడు మర లేకపోయినా అదే గొంతుతో మాట్లాడుతుంది.

టేపమ్మకు నొప్పి మొదలైంది బుడ్డిది పుట్టాక. వెన్నెముక నడుము కిందికి దిగి, పిరుదుల పైన రెండు పక్కలా చిన్న గుంటలు పడతాయి చూడండి, అందులో కుడిపక్క గుంట దగ్గర. మొదట్లో పక్క మీద అటునుంచి ఇటు దొర్లినప్పుడు కలుక్కుమనేది. తర్వాత స్టూలు మీంచి లేచేటప్పుడు. ఆ తర్వాత మెట్టెక్కితే, ఒంటికాలి మీద నిలబడి చెప్పు తొడుక్కుంటే. కొన్నాళ్లకు పిరుదులోంచి తొడ వెనగ్గా మోకాలి దాకా లాగడం మొదలైంది. "బాలింతలకు మామూలే," అన్నారు అందరూ. బిడ్డకు పళ్లొచ్చాయి, మాటలొచ్చాయి, ఈ బాలింత నొప్పి మాత్రం పోలేదు.

చెప్పేవాళ్లకు కొదవా? రొట్టెల దుకాణం ఆవిడ నేలమీద పడుకోమంది. మందుల షాపాయన ఏదో పూత ఇచ్చాడు. అత్తగారు వేడినీళ్ల సంచితో కాపడం పెట్టింది. డ్రైవరు తన సీటు కింద వేసుకునే దిండు తెచ్చి స్టూలు మీద వేశాడు. టేపమ్మ అందరి మాటా విన్నది, అన్నీ చేసింది. చేసినప్పుడల్లా ఓ పూట హాయిగా ఉండేది, మర్నాటికి మళ్లీ మొదటికొచ్చేది.

ఇంతవరకూ ఎవరైనా చేసేదే. ఇక్కణ్ణుంచి ఆమె చేసింది మాత్రం దర్జీ తప్ప ఇంకెవరూ చేయరు.

ఒకరోజు నిలువుటద్దం ముందు నిలబడి చూసుకుంటే, తను కుట్టుకున్న పొడుగు గౌను అంచు ఎడమవైపు నేలను ఊడుస్తోంది, కుడివైపు పైకి లేచి ఉంది. తన చేత్తో కుట్టిన అంచు. వంకర పోయే ప్రశ్నే లేదు. కుట్టు తప్పు కానప్పుడు తప్పు కాలిదే అయి ఉండాలి. ఎడమకాలు పొట్టిదైపోయింది, అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న రకం మనిషి కదా, ఇంకెవరినీ అడగలేదు. కోట్లు కుట్టేటప్పుడు భుజాల్లో పెట్టే మెత్త ఒకటి తీసి ఎడమ చెప్పులో అతికించింది. ఇంట్లో వట్టికాళ్లతో తిరుగుతుంది గనక అదొక్కటే చాలదని, బీరువాలో ఉన్న గౌన్లన్నీ తీసి ఎడమ అంచు పైకి మడిచి కుట్టేసింది. తర్వాత అద్దంలో చూసుకుంటే అంచు గీత గీసినట్టు ఉంది. టేపమ్మ తన తెలివికి తానే మురిసిపోయింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ మెత్త పెట్టిన దగ్గర్నుంచి నొప్పి రెట్టింపైంది. రెట్టింపైతే ఏం చేసింది? కాలు ఇంకా పొట్టిదైపోయిందనుకుని ఇంకో మెత్త అతికించింది.

ఆ వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, బుడ్డిది ఏడుస్తోందని మిషను దగ్గర్నుంచి గబుక్కున లేచి, వంగి, పిల్లను చంకనెత్తుకోబోయింది. నడుము కింద ఏదో పట్టేసింది. లేవలేదు, కూర్చోలేదు. మెల్లగా పిల్లను దించి, గోడ పట్టుకుని నేలమీదికి జారింది. భోజనానికి ఇంటికొచ్చిన డ్రైవరుకు గుడ్డముక్కల మధ్య వెల్లకిలా పడుకున్న పెళ్లాం, పక్కన విసనకర్రతో విసురుతున్న తల్లి, సూది కింద సగం కుట్టిన చొక్కా కనిపించాయి. టేపమ్మ ఏడుస్తోంది. నొప్పికి కాదు. ఆ చొక్కా ఇక తను పూర్తి చేయలేనేమోనని భయం పట్టుకుంది ఆమెకు.

సాయంత్రం అత్తగారు పిండిమర గొంతుతో తీర్పు చెప్పేసింది. "మిషను ఇచ్చేద్దాం. పరుపుల దుకాణం ఆవిడ దిండు గలీబులు కుట్టించుకోవడానికి మిషను కావాలని ఎప్పట్నుంచో అడుగుతోంది. తీసుకుపొమ్మంటాను."

"నా కాళ్లు తీసుకుపొమ్మను అత్తా, మిషను జోలికి మాత్రం రావద్దు."

"ఓసి పిచ్చిదానా, మిషను పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నడుము ఏ కొట్లో అమ్ముతారే?"

డ్రైవరు ఏమీ అనలేదు. అతను ఏమీ అనలేదంటే తల్లి మాటే అతని మాట. టేపమ్మకు అది తెలుసు. మిషను లేని ఆ గదిని ఒక్కసారి ఊహించుకుంది. కిటికీ ఉంటుంది, వీధి ఉంటుంది, తను మాత్రం అక్కడ ఏ పనీ లేకుండా కూర్చుని ఉంటుంది.

"ఈ వానలు వెలిసేదాకా గడువియ్యి అత్తా," అంది చివరికి. "అప్పటికి పొద్దున మిషను ముందు కూర్చుని, సాయంత్రం నా అంతట నేను లేవలేకపోతే, ఆవిడ వచ్చి తీసుకుపోనీ. నేను ఒక్క మాట అనను."

"ఒక్క మాట అనకుండా నువ్వుండటం నేను చూడాలి," అంది అత్తగారు. కానీ ఒప్పుకుంది. పరుపుల దుకాణం ఆవిడకు వానలు వెలిశాక రమ్మని కబురెళ్లింది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. కాళ్లు పైకెత్తించి, వేళ్లు కదిలించమని, ఎక్కడైనా మొద్దుబారుతోందా అని అడిగి, చిన్న సుత్తితో మోకాళ్ల మీద తట్టి చూశాడు. ఎముకలు బాగున్నాయన్నాడు, నరం నలిగిన గుర్తులేమీ లేవన్నాడు. "ఇది వెన్నులోది కాదనుకుంటున్నానమ్మా, కింద కీలుది. వరండా చివర గదిలో ఫిజియోథెరపీ ఆవిడ ఉంటారు, చూపించండి," అని చీటీ రాశాడు.

వరండా చివర గదిలో ఎత్తైన బల్ల, గోడకు చెక్క నిచ్చెన, మూలన రంగురంగుల పెద్ద బంతులు ఉన్నాయి. ఆవిడ బాగా పొడగరి. తెల్లకోటు చేతులు మణికట్టుకు చాలా పైనే ఆగిపోయాయి. టేపమ్మ కన్ను ముందు అక్కడే పడింది.

"నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి," అంది పొడుగావిడ.

టేపమ్మ తడుముకోకుండా కుడి గుంట మీద వేలు పెట్టింది. ఇంకోసారి చూపించమంటే మళ్లీ అక్కడే పెట్టింది. ఆవిడ తలూపి, బల్ల మీద పడుకోబెట్టి, తుంటి ఎముకలను రెండు పక్కలా నొక్కింది. పక్కకు తిప్పి పైనుంచి నొక్కింది. మోకాలు మడిచి, తొడ పొడుగునా కిందికి అదిమింది. "అమ్మో, అదే, సరిగ్గా అదే నొప్పి," అంది టేపమ్మ.

"ఒక్క పరీక్ష చెప్తే నేను నమ్మనండి. మూడు నాలుగు కలిసి ఒకే మాట చెప్తే అప్పుడు నమ్ముతా. మీవి చెప్పాయి." ఆవిడ కిందికి వంగి, బల్ల దగ్గర విప్పిన చెప్పులు చూసి ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఇదేంటి?"

"భుజం మెత్త."

"భుజం మెత్త చెప్పులో ఎందుకుంది?"

"ఎడమకాలు పొట్టిదైపోయిందండీ. గౌను అంచే సాక్ష్యం."

పొడుగావిడకు నవ్వొచ్చినా నవ్వలేదు. అది ఆవిడ మంచితనం. పడుకున్న టేపమ్మ మడమలు రెండూ పట్టుకుని సరిచూసి, "రెండు కాళ్లూ సమానమే," అంది.

"మీరు కంటితో చూసి చెప్తున్నారు. కన్ను మోసం చేస్తుంది." టేపమ్మ మెడలోంచి టేపు లాగి చాచింది. "టేపు చేయదు. కొలవండి."

ఆవిడ కొలిచింది. తుంటి ముందరి ఎముక దగ్గర టేపు కొస ఆనించి, లోపలి చీలమండ దాకా లాగింది, ముందు ఎడమకాలు, తర్వాత కుడికాలు. టేపమ్మ మెడ ఎత్తి చూసింది. రెండుసార్లూ అదే అంకె. నమ్మలేక మళ్లీ కొలిపించింది. అదే అంకె. ఇన్నేళ్లుగా వీధిలో అందరి మీదా ఆ టేపుతో తీర్పులు చెప్పిన మనిషి. ఇప్పుడు ఆ టేపే ఆమెకు ఎదురు సాక్ష్యం చెప్పింది.

"మరి అంచు ఎందుకు వంకర పోయింది?" అని అడిగింది చిన్న గొంతుతో.

పొడుగావిడ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. "వెన్నెముక చివర తిరగేసిన త్రికోణంలా ఒక ఎముక ఉంటుందండి. అది రెండు తుంటి ఎముకల మధ్య ఇరుక్కుని ఉంటుంది. అటొకటి, ఇటొకటి కీలు. మోకాలి కీలులాగా మడవడానికి కాదవి, ఏదో కాస్త కదులుతాయంతే. కానీ పై ఒంటి బరువంతా కాళ్లలోకి దిగేది వాటి మీదుగానే. మీ గౌనుకు నడుం దగ్గర కుట్టు ఉంటుందే, పైముక్క బరువూ కిందిముక్క లాగుడూ రెండూ దాని మీదే పడవూ? అలాంటిదే."

"ఆ కుట్టు నేను జంట కుట్టు వేస్తాను."

"దేవుడూ వేశాడు. చాలా గట్టి బంధాలవి. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకు దారివ్వడానికి కాస్త వదులవుతాయి, తర్వాత బిగుసుకుంటాయి. మీరు బిగుసుకోనిచ్చారా? ఎలా కూర్చుని కుడతారో ఒకసారి చూపించండి."

టేపమ్మ బల్ల అంచున కూర్చుని చూపించింది. కుడికాలు పెడలు మీద, ఎడమకాలు చుట్టి, ఒళ్లు ఎడమకు తిప్పి. చంకలో బుడ్డిది ఉండే చోటు కూడా చూపించింది. ఆవిడ చూసి నిట్టూర్చింది.

"కాళ్లలో పని చేసేది ఒక్కటే. ఒళ్లు ఒకవైపు, తుంటి ఇంకోవైపు. పిల్లా ఆ పక్కనే. ఇంక కుడి కీలుకు నొప్పి పుట్టక ఏమవుతుంది? నొప్పి పుట్టేసరికి మీకు తెలియకుండానే కుడి తుంటి పైకి ఎగదీసుకుని, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడుతున్నారు. అంచు వాలింది అందుకు. కాలు పొట్టిదై కాదు. దానికి మీరు ఎడమ చెప్పులో మెత్త పెట్టారు. అప్పట్నుంచి వేసే ప్రతి అడుగూ ఏమవుతోంది? ఎడమకాలు మెట్టు మీద, కుడికాలు మెట్టు కింద. కుడికాలు దిగినప్పుడల్లా ఆ కుదుపు నేరుగా ఆ కీలుకే."

టేపమ్మ ఆ రెండు మెత్తల చెప్పుకేసి చూసింది. మనిషిని సరిచేయాల్సింది పోయి గుడ్డను సరిచేసుకుంటూ కూర్చుంది తను. సిగ్గేసింది, కానీ నిజం చెప్పాలంటే అంతకు మించి ప్రాణం లేచొచ్చింది. కాలు పొట్టిదైతే చేసేదేమీ లేదు. వంకర నిలబడటమైతే తిన్నగా నిలబడొచ్చు.

"మిషను మానేయాలా?" అని అడిగింది. అడగడానికి వచ్చింది అదొక్కటే.

"మానేసి పడుకుంటే కీలు ఇంకా బిగుసుకుపోతుంది. మానొద్దు, మార్చండి. కాసేపు కుట్టండి, లేచి నాలుగడుగులు వేయండి, మళ్లీ కూర్చోండి. నేను చెప్పే వ్యాయామాలు మానకుండా చేయండి. చాలామందికి దీంతోనే తగ్గుతుంది. తగ్గకపోతే కీలులోకి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది, అది డాక్టరుగారు చూసుకుంటారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కాళ్లు మొద్దుబారినా, ఒంటికీ రెంటికీ పట్టు తప్పినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి వచ్చేయాలి."

వెళ్లబోతూ టేపమ్మ గుమ్మంలో ఆగింది. "ఆ కోటు ఎవరు కుట్టారో గానీ, చేతులకు మడత వదల్లేదు. నాకిచ్చి పంపండి, ముక్క అతికి పొడుగు చేస్తా. మిషను మీద కుదురుగా కూర్చోగలిగిన రోజు."

"దాని కోసమైనా మీకు నయం చేయాలి," అంది ఆవిడ, ఈసారి నవ్వు ఆపుకోకుండా.

ఇంట్లో కొత్త కాలం మొదలైంది. ముందు చెప్పులోంచి మెత్తలు పోయాయి. తర్వాత పట్టీ వచ్చింది. దాన్ని నడుముకు కాదు, ఇంకా కిందికి, తుంటి ఎముకల చుట్టూ బిగించాలి. "పనికి నడుం బిగించినవాళ్లను చూశాను గానీ తుంటి బిగించినదాన్ని నిన్నే చూస్తున్నా," అంది అత్తగారు. టేపమ్మ పట్టీని తిప్పి చూసి, కొక్కెం గుచ్చుకుంటోందని లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టుకుంది. ఆ చెయ్యి ఊరుకోదు.

వ్యాయామాలు ముందుగది నేలమీద జరిగేవి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి తుంటిని పైకెత్తి వంతెనలా నిలపాలి. బుడ్డిది ఆ వంతెన కింద నుంచి "బస్సు, బస్సు" అంటూ పాకుతూ పోయేది. బస్సు పూర్తిగా దాటేదాకా వంతెన దించడానికి వీల్లేదు. బస్సు ఒక్కోసారి మధ్యలో ఆగి బొమ్మతో ఆడుకునేది. తర్వాత మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని నొక్కాలి. పక్కకు తిరిగి పడుకుని, మడమలు కలిపి ఉంచి, పై మోకాలు తెరవాలి, మూయాలి. కొన్నాళ్లకు అత్తగారు కూడా పక్కన చాప వేసుకుంది. "నీకు తోడుగానే," అంది గానీ, పొద్దున లేచేటప్పుడు తన తుంటి కూడా తేలిగ్గా ఉందని రొట్టెల దుకాణం ఆవిడతో చెప్పుకుంటుంటే కిటికీలోంచి కోడలు విన్నది. పక్క మీంచి లేచే పద్ధతి కూడా మారింది. మోకాళ్లు కలిపి, ఒళ్లంతా ఒక్క ముక్కగా పక్కకు దొర్లి, చేతులతో నొక్కి లేవాలి. బుడ్డిది చంక దిగింది. పిల్ల ఎత్తుకోమంటే టేపమ్మే నేలమీద కూర్చుని ఒళ్లోకి తీసుకునేది.

అన్నీ చేసింది గానీ, ఒక్కటి దగ్గర చిక్కొచ్చి పడింది. స్టూలు తిన్నగా వేసుకోవాలి, రెండు పాదాలూ పెడలు మీద పెట్టి తొక్కాలి, ముందుకు చూడాలి. ముందు గోడ.

మొదటి రోజు గోడకేసి చూస్తూ కుట్టింది. రెండో రోజుకు మొహం వాడిపోయింది. వీధిలో ఎవరో నవ్వుతారు, ఎందుకు నవ్వారో తెలియదు. ఎవరో పరిగెత్తుతారు, ఎవరో తెలియదు. "జైల్లో వాళ్లక్కూడా కిటికీ ఉంటుంది," అని గొణిగింది. కాన్పు నొప్పులకు కూడా ఏడవని మనిషి గోడను చూసి ఏడ్చింది. మూడో రోజు నుంచి, ఎవరూ లేనప్పుడు, స్టూలు మెల్లగా ఏటవాలుగా జరగడం మొదలైంది. నడుము మళ్లీ తిరిగింది. నొప్పీ మళ్లీ తిరిగొచ్చింది. కుక్క తోక సామెత అత్తగారి నోటిదాకా వచ్చి, కోడలి మొహం చూసి ఆగిపోయింది.

డ్రైవరు అంతా చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు డ్యూటీ దిగి, గోనెగుడ్డలో చుట్టిన ఏదో పట్టుకొచ్చాడు. డ్రిల్లింగ్ మిషను అడిగి తెచ్చి, మిషను ఎదురుగా గోడకు రంధ్రాలు చేసి, ఇనుప కడ్డీ బిగించి, దానికి ఆ వస్తువు తగిలించాడు. పక్కన పెట్టేసిన పాత బస్సు తాలూకు పక్కద్దం. షెడ్డు మేస్త్రీని అడిగి తెచ్చాడు.

"కూర్చో," అన్నాడు.

టేపమ్మ తిన్నగా కూర్చుంది. అతను అద్దాన్ని కాస్త అటూ ఇటూ కదిపాడు. మొదట పైకప్పు కనిపించింది, తర్వాత కటింగు బల్ల, తర్వాత కిటికీ, ఆ కిటికీలో వీధి మొత్తం. రొట్టెల దుకాణం, మందుల షాపు, బస్టాపు, గొడుగుతో పోతున్న టీచరమ్మ.

"వెనక ఏముందో తెలుసుకోవాలని నేను బస్సులో ఒళ్లంతా తిప్పి చూస్తే, బస్సు డివైడరెక్కుతుంది," అన్నాడు డ్రైవరు. అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అరుదు. "తల తిప్పకూడదు. కళ్లు మాత్రమే తిప్పాలి. నా ఉద్యోగమే అది. నువ్వూ నేర్చుకో."

టేపమ్మ అద్దంలోకి చూసింది. అందులో వీధితో పాటు బావ మొహం కూడా ఓ మూల కనిపిస్తోంది. "ఇన్నాళ్లూ ఏం చేశావు బావా," అంది. ఆమెకు అతని మీద ఎంత ప్రేమ పొంగిందంటే, చేతిలో ఉన్న చొక్కాకు ఒకే కాలరు రెండుసార్లు కుట్టేసింది.

అద్దంలో కుడి ఎడమలు తారుమారు కదా, మొదట్లో తికమక పడింది. ఇంటికి పోతున్నవాళ్లను బజారుకు పోతున్నారనుకుని "వచ్చేటప్పుడు నాకు దారం తే" అని కేక వేసేది. వారంలో అదీ సర్దుకుంది. ఇప్పుడు వీధిలోవాళ్లకే భయం. ఇంతకు ముందు టేపమ్మ తల కిటికీ వైపు ఉంటే చూస్తోందని తెలిసేది. ఇప్పుడు మొహం గోడకేసే ఉంటుంది, అయినా అన్నీ చూస్తుంది.

నయం కావడం ఒక్క పట్టున జరగలేదు. ఓ ముసురు రోజు మర్చిపోయి బుడ్డిదాన్ని చంకనెత్తుకుని మెట్లెక్కింది, రెండు రోజులు మంచం పట్టింది. అంతా బూడిదపాలైందని బెంగపెట్టుకుంది. "మీరు మొదలుపెట్టిన చోటికి ఏం వెళ్లలేదు. రెండడుగులు వెనక్కి వచ్చారంతే," అని పొడుగావిడ కొత్త వ్యాయామం ఒకటి చెప్పి పంపింది. ఆ తర్వాత పక్క మీద దొర్లితే కలుక్కుమనడం తగ్గింది. ఒక పొద్దున ఒంటికాలి మీద నిలబడి చెప్పు తొడుక్కున్నాక గానీ, గోడ పట్టుకోలేదన్న సంగతి గుర్తుకు రాలేదు. పొడుగావిడ కోటు వచ్చింది, చేతులు పొడుగై వెళ్లింది. పట్టీ మేకుకు ఎక్కింది.

వానలు వెలిశాయి. ఎండ కాసిన మొదటి రోజు సాయంత్రమే పరుపుల దుకాణం ఆవిడ తోపుడుబండీ, దాన్ని తోసే మనిషినీ వెంటేసుకుని గుమ్మంలో దిగింది. మాట మీద నిలబడే మనిషి ఆవిడ.

ఆ రోజు పొద్దున్నే టేపమ్మ మిషను ముందు కూర్చుంది, పందెం కట్టినదానిలా. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంటూ, సాయంత్రం దాకా కుట్టింది. తోపుడుబండి వచ్చి ఆగడం అద్దంలో చూసింది. అత్తగారు వంటగది గుమ్మంలో, పరుపులావిడ వీధి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

టేపమ్మ పెడలు ఆపింది. రెండు పాదాలూ నేలకు ఆనించింది. లేచింది. ఏదీ పట్టుకోలేదు. కలుక్కుమనలేదు, లాగలేదు. నవ్వుతూ వీధి గుమ్మం వైపు నడిచింది, నిలువుటద్దం ముందు నుంచి. అక్కడ ఆగిపోయింది.

గౌను అంచు వంకరగా ఉంది. ఈసారి కుడివైపు నేలను ఊడుస్తోంది, ఎడమవైపు చీలమండ పైకి లేచింది.

"అత్తా," అంది. "ఇప్పుడు కుడికాలు పొట్టిదైంది."

"అయ్యో పాపం," అంది పరుపులావిడ. బండి మనిషి లోపలికి రానా అన్నట్టు చూశాడు.

అత్తగారు వచ్చింది. కోడలిని ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది. భుజాలు చూసింది, తుంటి చూసింది. తర్వాత ఆ వయసులో, ఆ చాప మీద నేర్చిన పద్ధతిలోనే, మోకాళ్ల మీద కిందికి దిగి గౌను ఎడమ అంచు పట్టుకుని తిరగేసింది. లోపల మడత, మడత మీద సన్నటి కుట్టు.

"ఇది పైకి మడిచి కుట్టింది ఎవరే?" అంది, పిండిమర గొంతు కాదది, మెత్తగా.

టేపమ్మ ఆ మడతకేసి చూసింది. తన కుట్టే. వంకరగా నిలబడిన ఒక మనిషి కోసం తను కుట్టిన కుట్టు. ఆ మనిషి ఇప్పుడు లేదు. గౌను మాత్రం ఇంకా వంకరగా ఆమె కోసం చూస్తోంది.

"గౌను వంకర," అంది అత్తగారు, లేస్తూ. "నువ్వు తిన్నగానే ఉన్నావు."

టేపమ్మకు నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. అత్తగారి భుజం మీద తలపెట్టి రెండూ కలిపి కానిచ్చింది. ఏమైందో తెలియకపోయినా బుడ్డిది కూడా వచ్చి నానమ్మ కాళ్లు వాటేసుకుంది.

"మరి మిషను?" అంది పరుపులావిడ. అడగడం ఆవిడ తప్పు కాదు.

"ఎలా ఇస్తాను వదినా," అంది టేపమ్మ కళ్లు తుడుచుకుంటూ. "బీరువాలో ఉన్న గౌన్లన్నీ ఇలాగే తగలబడ్డాయి. అన్నీ విప్పి కుట్టాలి. నీ గలీబుల గుడ్డ తెచ్చుకో, నేనే కుట్టిపెడతా. వచ్చావు కదా, అలా నిలబడు, ఆ జాకెట్టు వీపు ఎగదీస్తోంది, కొలత తీస్తాను."

మెడలోంచి టేపు లాగింది. పరుపులావిడ కాసేపు బండికేసీ మిషనుకేసీ చూసి, చేతిసంచీ బల్ల మీద పెట్టి, చేతులు చాచి నిలబడింది. బండి మనిషికి అత్తగారు టీ ఇచ్చింది.

కొలతలయ్యాక టేపమ్మ గౌను మార్చుకుని, విప్పిన గౌను ఒళ్లో పరుచుకుంది. కత్తెర మొనతో ఎడమ అంచు కుట్లు ఒక్కొక్కటే విప్పింది, మడత దించి గోటితో సాఫు చేసింది. స్టూలు తిన్నగా వేసుకుని, రెండు పాదాలూ పెడలు మీద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. గోడ మీద అద్దంలో వీధి దీపాలు వెలిగాయి, బస్టాపు దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు, బావ బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. టేపమ్మ తలెత్తలేదు. ఆమె అంచునే చూస్తూ కుట్టింది.